ముసలిదాని ఊపిరి

మా ఇంటి దండెం మీద బట్టలతో పాటు మృగాల తోళ్ళు కూడా ఆరేవి. ఒక పక్క పిల్లల చొక్కాలు, దుప్పట్లు. వాటి పక్కనే రబ్బరుతో చేసిన మొసలి పొట్ట, తోడేలు మెడ, ఏదో సినిమాకి చేసిన కొండచిలువ. అన్నీ కడిగి, తుడిచి, అతుక్కోకుండా పౌడరు అద్ది ఆరేసేది మా ఆవిడే. చినుకు పడితే ముందు తోళ్ళు తీసేది, తర్వాత బట్టలు. "బట్టలు తడిస్తే మళ్ళీ ఆరతాయి. నా మొసలి పాడైతే మళ్ళీ ఎవడు చేస్తాడు" అని నేను అరిచేవాణ్ణి. ఆ మొసలిని సగానికి పైగా చేసింది ఆవిడే అన్న సంగతి నాకు తట్టేది కాదు.

నేను సినిమాలకి మృగాల్ని చేసేవాణ్ణి. అప్పటికి కంప్యూటర్లు రాలేదు. తెర మీద ఒక జంతువు కదలాలంటే దాన్ని ముందు మట్టితో చెయ్యాలి, అచ్చు తియ్యాలి, రబ్బరు పొయ్యాలి, ఒక్కొక్క వెంట్రుకా సూదితో గుచ్చాలి, లోపల తీగలు పెట్టాలి, ఆ తీగల్ని కింద పడుకుని ఎవరో లాగాలి. ఇంటి వెనక షెడ్డే మా కార్ఖానా. నన్ను అందరూ మృగాల మేస్త్రీ అనేవాళ్ళు. మా ఆవిణ్ణి మేస్త్రీగారి భార్య అనేవాళ్ళు.

మట్టి పని నాది. అది ఒప్పుకోవాలి, నా చేతిలో మట్టి బాగా మాట వినేది. ఆ తర్వాతి పనంతా వంటింట్లోకి వెళ్ళేది. రబ్బరు పాలని నురుగు వచ్చేదాకా గిలకొట్టాలి. దానికి మా పెళ్ళికి మా ఆవిడ అక్క ఇచ్చిన గిలకొట్టే మిషనే వాడాం. ఆ నురుగుని అచ్చులో పోసి ఓవెన్లో ఉడికిస్తే మెత్తటి తోలు వస్తుంది. ఆ ఓవెనూ ఆవిడదే. అందులో ఆవిడ వండింది పెళ్ళయిన కొత్తలో రెండే రెండుసార్లు. తర్వాత ఎప్పుడు తలుపు తీసినా లోపల ఏదో ఒక మృగం మొహం ఉండేది.

ఈ నురుగుకి ఒక తిక్క ఉంది. గాలిలో తడి ఎక్కువుంటే కూలబడిపోతుంది. మొదటి ఏడాది ఎన్ని తోళ్ళు పాడయ్యాయో లెక్కలేదు. ఒకరోజు ఆవిడ ఉప్పు సీసా పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. "ఏమండీ, ఉప్పు గడ్డకట్టిన రోజు నురుగు నిలబడటం లేదు. ఉప్పు పొడిగా జారిన రోజు నిలబడుతోంది" అంది. ఆ రోజు నుంచి మాకు ఒక్క తోలు కూడా పాడవలేదు.

నేనేం చేశానంటే, నిర్మాతలు వచ్చినప్పుడు వాకిట్లో నిలబడి, వేలు తడుపుకుని గాలిలోకి ఎత్తి, కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆవిడ వంటింటి కిటికీలో నిలబడి ఉప్పు సీసా ఊపి చూసి, తల అడ్డంగానో నిలువుగానో ఆడించేది. నేను ఒక కన్ను తెరిచి అది చూసి, "ఇవాళ పొయ్యకూడదండీ, గాలి బాగాలేదు" అని గంభీరంగా చెప్పేవాణ్ణి. వాళ్ళు నోళ్ళు తెరిచేవాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోయాక ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు ఇద్దరిదీ ఒకటే అని నేను అనుకునేవాణ్ణి. "మొదట్లో ఒకటే. తర్వాత్తర్వాత నేను మీరు నవ్వుతున్నారని నవ్వేదాన్ని" అని ఎన్నో ఏళ్ళకి చెప్పింది. అప్పుడు ఆవిడ మనసులో నడిచింది నాకు ముక్కలు ముక్కలుగానే చెప్పింది, ఏ కూరగాయలు తరుగుతూనో, ఏ బస్సు కోసం నిలబడో. ఆ ముక్కలే ఇక్కడ అతికిస్తున్నాను.

మా అమ్మ మా దగ్గరే ఉండేది. నోరు మంచిది కాదు, మనిషి మంచిది. కోడలు కంచం పెట్టగానే వాసన చూసి, "ఇది అన్నమా, తోడేలా?" అనేది. చుట్టాలు వస్తే, "మా కోడలు ఊరికే ఇంట్లోనే ఉంటుంది. ఏదో బొచ్చు గుచ్చుకుంటూ పొద్దు పుచ్చుతుంది" అనేది. ఆ బొచ్చు గుచ్చటం అంటే ఏమిటో చెబుతాను. ఒక ఎలుగుబంటికి పద్దెనిమిది వేల వెంట్రుకలు. ఒక్కొక్కటీ విడిగా, ఏ వైపు వాలాలో చూసుకుని గుచ్చాలి. పిల్లాడికి జ్వరం వస్తే వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఎలుగుబంటి చెవిని మోకాలి మీద పెట్టుకుని గుచ్చేది. ఒకసారి ఆవిడ అక్క దగ్గరికి పది రోజులు వెళ్తే నేనే కూర్చుని గుచ్చాను. అన్నీ తల వైపుకి వాల్చాను. షూటింగులో కెమెరా అతను అటూ ఇటూ తిరిగి చూసి, "మేస్త్రీ, దీనికి వెనక నుంచి గాలి వీస్తోందా?" అన్నాడు.

తర్వాత అమ్మ మంచాన పడింది. ఊపిరితిత్తుల జబ్బు, రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ అమ్మని లేపింది, తుడిచింది, తిప్పి పడుకోబెట్టింది మా ఆవిడే. నేను రోజుకి నాలుగుసార్లు గుమ్మంలో నిలబడి "ఎలా ఉంది?" అని అడిగేవాణ్ణి. అడిగాను కదా అని నా మనసుకి హాయిగా ఉండేది. ఆవిడ అమ్మ పక్కన కూర్చుని, ఎడమ చెయ్యి అమ్మ గుండె మీద పెట్టి, కుడి చేత్తో వెంట్రుకలు గుచ్చుకునేది. చేతి కింద ఊపిరి ఆగితే తెలుస్తుందని. ఆఖరి నెలల్లో అమ్మ ఊపిరి వింతగా ఉండేదట. ఒక పెద్దది లోపలికి వెళ్ళేది, మెట్లు దిగినట్టు నెమ్మదిగా దిగేది, ఆగిపోయేది. ఇక అయిపోయిందనుకునేంతసేపు ఆగేది. అప్పుడు రెండు చిన్నవి వచ్చేవి, ఏదో మర్చిపోయి వెనక్కి వచ్చినట్టు. ఆ ఆగినప్పుడల్లా ఈవిడా ఊపిరి బిగబట్టేది. ఒకసారి భయపడి మొహంలోకి వంగి చూస్తే అమ్మ ఒక కన్ను తెరిచి, "ఇంకా పోలేదులేవే. వెళ్ళి నీ తోడేలు సంగతి చూసుకో" అందట.

అమ్మ పోయిన ఏడాదికి ఆ సినిమా వచ్చింది. అడవిలో ఒక ముసలి మృగం, దాన్ని నమ్ముకున్న ఒక చిన్నపిల్ల. చివర్లో అది ఆ పిల్ల ఒళ్ళో తల పెట్టుకుని ప్రాణం వదలాలి. ఎద్దు అంత ఒళ్ళు, ముడతల మెడ, నెరిసిన బొచ్చు. ఎనిమిది నెలలు చేశాం. దానికి మేము ముసల్ది అని పేరు పెట్టుకున్నాం. మా పిల్లలు స్కూలు నుంచి వచ్చి, "అమ్మా, ముసల్దానికి కళ్ళు పెట్టేశావా?" అని అడిగేవాళ్ళు. అమ్మా అనే అడిగేవాళ్ళు, నాన్నా అని కాదు. పిల్లలకి తెలుసు.

షూటింగులో చెక్క అరుగు ఒకటి వేసి, దాని మీద ముసల్దాన్ని పడుకోబెట్టారు. అరుగు కింద మేము పడుకుని పని చెయ్యాలి. ఇద్దరు కుర్రవాళ్ళు కనురెప్పలు, దవడ లాగుతారు. ముసల్దాని రొమ్ములో రబ్బరు సంచి ఉంటుంది, దాన్నుంచి గొట్టం కిందికి వస్తుంది, గొట్టం చివర చేత్తో నొక్కే బుడ్డి. నొక్కితే రొమ్ము లేస్తుంది, వదిలితే పడుతుంది. ఊపిరి నాదే. మా ఆవిడ పొట్ట దగ్గర కుట్టు ఊడిందని సూదీ దారంతో కింద నా పక్కనే ఉంది.

పదకొండు సార్లు తీశారు. పదకొండు సార్లూ దర్శకుడు కట్ చెప్పాడు. "మేస్త్రీ, అది చావటం లేదయ్యా. సైకిలుకి గాలి కొట్టించుకుంటోంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఒళ్ళో తల పెట్టుకున్న పిల్లకి కూడా నవ్వాగలేదు. నా మణికట్టు కొంకర్లు పోయింది. మా ఆవిడ పళ్ళతో దారం తెంపి, "ఇలా ఇవ్వండి" అంది. ఇచ్చాను.

ఆవిడ వెంటనే నొక్కలేదు. ఎడమ చెయ్యి పైకి పెట్టి, చెక్కల సందులోంచి ముసల్దాని రొమ్ము మీద అరచెయ్యి ఆనించింది. కళ్ళు మూసుకుంది. పైన "యాక్షన్" అన్నారు. ఒక పెద్ద ఊపిరి లోపలికి వెళ్ళింది. మెట్లు దిగినట్టు దిగింది. ఆగింది. పైన ఎవరో గొంతు సవరించుకోబోయి మానుకున్నారు. ఎంతసేపు ఆగిందో నేను చెప్పలేను. అప్పుడు రెండు చిన్నవి వచ్చాయి. పైన పిల్ల నిజంగా ఏడవటం మొదలుపెట్టింది. సినిమా ఏడుపు కాదు, ముక్కు కారే ఏడుపు. ఆవిడ ఇంకొకటి ఇచ్చింది, ముందుదానికన్నా చిన్నది. మళ్ళీ ఆగింది. ఈసారి రెండు రాలేదు. ఒకటే వచ్చింది.

కట్ చెప్పటానికి దర్శకుడికి కాసేపు పట్టింది. నేను ముందు బయటికి పాకాను. లైట్లు పట్టే అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. దర్శకుడు వచ్చి నన్ను కావిలించుకున్నాడు. "ఎలా చేశావయ్యా అది?" అన్నాడు.

"అనుభవం సార్" అన్నాను.

నేను చెబుతుంటే ఇది రాసుకుంటున్న నా మనవరాలు, "అలా ఎలా అనగలిగావు తాతయ్యా?" అంది. చాలా తేలిగ్గా అన్నానమ్మా. నాలుక మీద అప్పటికే సిద్ధంగా ఉంది. ఆలోచించి చెప్పిన అబద్ధమైతే తడబడి ఉండేవాణ్ణి.

మా ఆవిడ అరుగు కిందే ఉంది, గొట్టం చుట్టుకుంటూ. విన్నది.

బస్సులో నేను తెగ మాట్లాడాను. దర్శకుడికి ఎంత నచ్చిందో, ఇక మనకి ఎన్ని సినిమాలు వస్తాయో. "నువ్వు చూశావా, కావిలించుకున్నాడు" అన్నాను. "విన్నాను" అంది. మర్నాడు అదే చావుని రెండో వైపు నుంచి తియ్యాలి, అదే ఊపిరి కావాలి అని కూడా చెప్పాను. "ఊఁ" అంది.

ఇంటికి వచ్చి గిన్నెలు తోముతూ ఆలోచించుకుందట. కోపం వస్తుందేమోనని చూసుకుందట, కోపం రాలేదు. పేరు కావాలా నాకు అని తనని తనే అడిగిందట. ఉప్పు సీసా సంగతిలో పేరు అడిగానా? లేదు. పద్దెనిమిది వేల వెంట్రుకలకి అడిగానా? లేదు. అవి నా చేతి పనులు, పోనీలే అనుకున్నాను. కానీ ఆ ఊపిరి చేతి పని కాదు. రెండేళ్ళు ఆ ముసలావిడ గుండె మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. ఆ రెండేళ్ళూ ఎవరూ చూడలేదు. ఎవరైనా వచ్చి ఏం చేస్తున్నావంటే చెప్పటానికి నా దగ్గర ఒక్క పని కూడా లేదు. ఊరికే ఇంట్లోనే ఉన్నాను. అవి ఇక పోయిన రోజులే అనుకున్నాను. ఇవాళ ఆ రోజులన్నీ ఒక్కసారి నా చేతిలోంచి బయటికి వచ్చి, నలభై మంది ఎదుట నిలబడ్డాయి. నలభై మంది నోరు మూసుకున్నారు. నా జీవితంలో నేను కలిపిన ఏ ముద్దకీ, ఉతికిన ఏ బట్టకీ అంతమంది అంతసేపు మాట్లాడకుండా ఉండలేదు. ఈయనేమో దాన్ని రుమాలు తీసి జేబులో పెట్టుకున్నట్టు పెట్టేసుకున్నారు. పోనీ అని ఇదీ ఇచ్చేస్తే ఆ రెండేళ్ళూ నావి కాకుండా పోతాయి. అలా అనుకుంటూ ఒకే గిన్నెని మూడుసార్లు తోమిందట. పోట్లాడదామా అనుకుని మానేసిందట. మాటల్లో ఆయనే గెలుస్తారు, ఎప్పుడూ గెలిచేది ఆయనే. ఊపిరిలో గెలవలేరు. అది తట్టగానే సింకు దగ్గర ఒంటరిగా నవ్వుకుందట. ఆ నవ్వు నాకు పక్కగదిలోకి వినబడింది. సంతోషంగా ఉందనుకున్నాను. ఉంది కూడా.

పొద్దున్నే లేచి తల దువ్వుకుని, పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పటి మంచి బట్టలు కట్టుకుంది. "కింద దుమ్ములో పడుకునేదానికి ఇవెందుకు?" అన్నాను. "ఇవాళ పడుకోను" అంది. నాకు అర్థం కాలేదు, బస్సుకి టైమవుతోందని అడగలేదు.

అక్కడికి వెళ్ళాక ఆవిడ ఒక కుర్చీ లాక్కుని దర్శకుడి పక్కన వేసుకుని కూర్చుంది. ఒళ్ళో సూదీ దారం డబ్బా. దర్శకుడు ఒకసారి చూసి, మేస్త్రీగారి భార్యే కదా అని ఊరుకున్నాడు. నేను అరుగు కిందికి సగం దూరి, "రావా?" అని గుసగుసగా అడిగాను.

"మీకు అనుభవం ఉందిగా" అంది. మామూలు గొంతుతోనే అంది.

సగం లోపల, సగం బయట అలాగే ఉండిపోయాను. తర్వాత లోపలికే వెళ్ళాను, ఇంకెక్కడికి వెళ్ళను.

మొదటిసారి సైకిలు. రెండోసారి సైకిలు. మూడోసారి నెమ్మదిగా నొక్కితే కొలిమి తిత్తిలా ఉందన్నారు. నాలుగోసారి కనురెప్పలు లాగే కుర్రాడు నా పక్క నుంచి, "మేస్త్రీగారూ, అమ్మగారు మధ్యలో ఆపేవారండీ" అన్నాడు. ఆపాను. "మేస్త్రీ, ఏమైంది, పైపు ఊడిందా?" అని దర్శకుడు పైనుంచి కేకేశాడు. నేను కళ్ళు మూసుకుని మా అమ్మ చివరి రోజులు గుర్తు తెచ్చుకోవటానికి చూశాను. గుమ్మం గుర్తొచ్చింది. గుమ్మానికి నేను ఏ వైపు ఆనుకునేవాణ్ణో గుర్తొచ్చింది. అమ్మ ఊపిరి గుర్తు రాలేదు. ఎలా వస్తుంది, నేను గుమ్మం దాటితే కదా. కన్నకొడుకుని, మా అమ్మ ఎలా ఊపిరి తీసిందో నాకు తెలీదు. అక్కడ కుర్చీలో కూర్చున్నావిడకి తెలుసు. ఆ దుమ్ములో వెల్లకిలా పడుకుని, ముసల్దాని పొట్ట కేసి చూస్తూ ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను.

ఏడోసారి కట్ అన్నాక బయటికి పాకి వచ్చాను. ఒంటి నిండా దుమ్ము. అందరూ నా వైపే చూస్తున్నారు.

"నిన్న ఇంత బాగా చేసినవాడివి, ఇవాళ నీ చేతికేం వచ్చిందయ్యా?" అన్నాడు దర్శకుడు.

"నిన్నటి చెయ్యి నాది కాదు సార్. మా ఆవిడది. మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను" అన్నాను.

దర్శకుడు నెమ్మదిగా పక్కకి తిరిగాడు. "అమ్మా, మరి నిన్న మీరైనా చెప్పలేదేం?"

"నన్నెవరూ అడగలేదండీ. ఆయన్ని అడిగారు, ఆయన చెప్పారు" అంది. వెనక మేకప్ ఆవిడ ఫక్కున నవ్వింది. ఒకరి తర్వాత ఒకరు, లైట్లవాళ్ళ దాకా నవ్వారు. నేనూ నవ్వాను, అంతకన్నా దారి లేదు.

"ఇవాళ బుడ్డి మీరు పడతారా మరి?" అన్నాడు దర్శకుడు.

"పడతాను. కానీ కింద చోటు చాలదు, ఆయన బయట ఉండాలి."

"ఆయన బయట ఏం చేస్తారు?"

ఆవిడ డబ్బా నా చేతిలో పెట్టింది. "తోక దగ్గర కుట్టు ఊడింది. బొచ్చు కిందికి వాల్చి కుట్టాలి. తల వైపుకి కాదు" అంది. అప్పుడు మేకప్ ఆవిడ దగ్గర పెద్ద తువ్వాలు అడిగి తీసుకుని, మంచి బట్టల మీద కప్పుకుని, అరుగు కిందికి వెళ్ళింది. నేను తోక దగ్గర గొంతుక్కూర్చుని కుట్టాను. కుట్టు పూర్తయ్యాక లేవబోతే తోక నాతో పాటు లేచింది. నా చొక్కా చేతిని కూడా కలిపి కుట్టేశాను. కత్తెర తెచ్చేదాకా ముసల్దాని వెనకాలే కూర్చున్నాను. అందుకే ఆ చావుని దగ్గరనుంచి చూశాను. ఎవరూ అడగకముందే ముక్కు తుడుచుకున్నాను, ఆ ముసల్దాని బొచ్చుతోనే. మా అమ్మ పోయిన రోజు ఏడవలేదు నేను. ఏర్పాట్లు చూసుకున్నాను.

ఒక్కసారే తీశారు. అదే సినిమాలో ఉంది.

సినిమా పూర్తయ్యాక తెర మీద వేసే పేర్ల పట్టీ రాసుకోవటానికి దర్శకుడు మమ్మల్ని పిలిపించాడు. "మృగాల మేస్త్రీ అని మీ ఆయన పేరు వేసి, పక్కన 'సహాయం' అని మీ పేరు వేస్తానమ్మా" అన్నాడు, పెద్ద మనసుతోనే. నేను నోరు విప్పలేదు, అప్పటికి ఆ మాత్రం నేర్చుకున్నాను.

"ఆయన పక్కన వద్దండీ. ఊపిరి అని విడిగా ఒక వరుస వెయ్యండి. దానికెదురుగా నా పేరు. రేపు ఇంకో సినిమాకి ఇంకొకరు ఊపిరి పోస్తే వాళ్ళ పేరు కూడా అక్కడే పడాలి. ఎవరి పక్కనో కాదు."

"అలాంటి వరుస ఎక్కడా లేదమ్మా."

"ఉండుంటే నేను అడిగేదాన్ని కాదు కదండీ."

ఆయన రాసుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ళలో ఆ వరుసలో పదమూడు మంది పేర్లు పడ్డాయి. తొమ్మిదిమంది ఆడవాళ్ళు. అందరూ మా షెడ్డుకి వచ్చి నేర్చుకున్నవాళ్ళే. మొదటి పాఠం బుడ్డి నొక్కటం కాదు. నిద్రపోయే పిల్ల గుండె మీదో, ఇంట్లో పెద్దవాళ్ళ గుండె మీదో చెయ్యి పెట్టి గంటసేపు కూర్చుని రమ్మనేది మా ఆవిడ. ఇప్పుడు కంప్యూటర్లో మృగాల్ని చేసేవాళ్ళు కూడా వచ్చి అడుగుతారు, వాళ్ళకీ అదే చెబుతుంది. కొందరు చేస్తారు, కొందరు ఫోను నంబరు తీసుకుని వెళ్ళిపోతారు.

పేర్ల పట్టీ రోజు మేము లేచి వస్తుంటే దర్శకుడు అలవాటుగా నా భుజం మీద చెయ్యి వేశాడు. "మేస్త్రీ, వచ్చే సినిమాలో కూడా ఒక మృగం ఉంది. చివర్లో చస్తుంది. చేస్తావా?"

నేను ఆవిడ వైపు చూశాను. ఆయన కూడా చెయ్యి తీసేసి ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. "చావటం వచ్చేసిందండీ నాకు. ఈసారి పుట్టేది ఏదన్నా ఉంటే రాయించుకు రండి, అప్పుడు ఆలోచిస్తాను" అంది.